పాతికేళ్లు దాటేసరికి నేను నేర్చుకున్నది: హామీ సంతకం ఎవరికీ పెట్టకూడదు. కాదంటారా?

వశిష్ఠ ఒడ్డు:
నాకు మొన్నటితో ఇరవై ఆరు నిండాయి. పాలకొల్లు దగ్గర పల్లెటూరు మాది. చదువు భీమవరంలో, ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. ఇన్నేళ్లకు ఏం తెలుసుకున్నావురా అని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న జవాబు ఒక్కటే. ఎంత దగ్గరివాడైనా సరే, అప్పుకు హామీ సంతకం పెట్టకూడదు.

జరిగింది చెబుతాను. ఒకటో తరగతి నుంచి నా పక్కన కూర్చున్నవాడు మొగల్తూరు వైపు రెండెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రొయ్య వేశాడు. మేత అరువిచ్చే వ్యాపారి ప్రామిసరీ నోటు రాయమన్నాడు, నెల జీతం వచ్చేవాడు ఒకడు పూచీ ఉండాలన్నాడు. 4 లక్షలకు నేను పెట్టాను. చదివి పెట్టలేదు, వాడి మొహం చూసి పెట్టాను. యాభై రోజులు తిరగకుండానే వైట్ స్పాట్, అదే తెల్లమచ్చ తెగులు, పడింది. రొయ్యలు గట్టు వారకు వచ్చేస్తుంటే రాత్రికి రాత్రి పట్టించేశారు. అంత చిన్న రొయ్యకు వచ్చిన డబ్బు సీడుకీ (రొయ్య పిల్లలకీ) కరెంటుకీ కూడా చాలలేదు. ఆ తర్వాత వాడు ఫోను ఎత్తడం మానేశాడు. వ్యాపారి నేరుగా మా ఆఫీసుకు వచ్చి, అందరి ముందూ నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

పదకొండు నెలలుగా నెలకు 12,000 కడుతున్నాను. డబ్బు పోయిందని కాదు నా బాధ. ఇరవై ఏళ్ల స్నేహం ఒక కాగితం ముక్క మీద పోయింది. సంతకం పెట్టకపోయి ఉంటే వాడు నాలుగు రోజులు అలిగి మళ్లీ మాట్లాడేవాడు. అందుకే అంటున్నాను, పాతికేళ్ల లోపు పిల్లలు ముందు "కాదు" అనడం నేర్చుకోవాలి. మీ అనుభవం వేరైతే చెప్పండి, వింటాను.

రావులపాలెం సెంటర్:
నూటికి నూరుపాళ్లు నిజం. మా పెదనాన్న కొడుకు బండి లోనుకు నేను హామీ ఉన్నాను. వాడు మూడు వాయిదాలు ఎగ్గొడితే సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే అప్పుల రికార్డులో, నా పేరు మీద కూడా మచ్చ పడింది. రెండేళ్ల తర్వాత ఇంటి లోనుకు వెళ్తే బ్యాంకు వాళ్లు చెప్పేదాకా నాకు తెలియదు.

ప్లీడరు గుమస్తా:
నరసాపురం కోర్టు దగ్గర పద్దెనిమిదేళ్లుగా నోటు దావాలే చూస్తున్నాను. పెట్టాలా వద్దా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి. పెట్టినవాళ్లకు ఏం పెట్టారో తెలియకపోవడం నేను రోజూ చూసే బాధ.

"ముందు వాణ్ని అడుగుతారు, వాడు కట్టకపోతేనే కదా నా దాకా వచ్చేది" అనుకుంటారు. కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. అప్పు ఇచ్చినవాడు నేరుగా మీ మీదకే రావచ్చు. రెండోది, ఖాళీ నోటు. అంకె వేయకుండా స్టాంపు మీద సంతకం పెట్టి ఇస్తే, అంకె వేసుకునే అధికారం మీరే చేతికిచ్చినట్టని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. ఆ ఒక్క దానికే ఎన్ని ఇళ్లు చితికిపోయాయో నేను చూశాను.

ఒడ్డు బాబూ, నువ్వు కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించావా? రాయించకపోతే ఇప్పుడే రాయించు, విడిగా రసీదు కూడా తీసుకో. గడువులోపు సంతకంతో చెల్లు పడితే వ్యాపారి దావా వేయడానికి ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుంది, అది కూడా తెలిసి చెయ్యి. నువ్వు కట్టింది నీ స్నేహితుడి దగ్గర రాబట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్‌లో ఉంది. ఆ హక్కు ఉన్నట్టు హామీ పెట్టినవాళ్లలో చాలామందికి తెలియదు.

దాళ్వా:
నేను కౌలు రైతు కూతుర్ని. కొత్తపేట వైపు. ఈ శీర్షిక చదివి రెండు రోజులు ఊరుకున్నాను, ఇక ఉండబట్టలేదు.

సంతకం పెట్టి పోగొట్టుకున్నవాళ్ల మాటలే వింటున్నాం ఇక్కడ. ఎవరూ సంతకం పెట్టక పోగొట్టుకున్నవాళ్లం మేము. మా నాన్నగారు నాలుగెకరాలు కౌలుకు చేస్తారు, ఎకరాకు ఇన్ని బస్తాలని నోటిమాట మీదే. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలలకు కార్డు ఇస్తారు, దాంతో బ్యాంకు లోను, బీమా, నష్టపరిహారం కౌలుదారుకు వస్తాయి. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. దానికి కావలసింది భూమి ఆసామి సంతకం ఒక్కటి. మా ఆసామి మంచివారు. మా అమ్మకు ఒంట్లో బాగోకపోతే కారిచ్చి పంపారు. కానీ సంతకం మాత్రం పెట్టరు. "రేపు ఏమవుతుందో ఎవరికి తెలుసమ్మా" అంటారు.

సార్వా (ఖరీఫ్ వరి) కోత మీద వాన పడి పనలు నీళ్లలో నాని మొలకలొచ్చిన ఏడు, నష్టం రాయించుకోవడానికి వెళ్తే మా నాన్న పేరు ఎక్కడా లేదు. పెట్టుబడికి ప్రైవేటుగా మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం చేశారు కదా, అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. భూమి ఉన్నవాళ్లు ఆ ఏడు నిరసన చేశారు, మా నాన్న కూలికి వెళ్లారు.

ఊరంతా మీ పాఠమే నేర్చుకుంటే మాలాంటి ఇళ్లు ఎవరి భరోసా మీద నిలబడాలి? మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ దాన్ని పిల్లలందరికీ సూత్రంగా చెప్పకండి.

వశిష్ఠ ఒడ్డు:
దాళ్వా గారూ, మీరు రాసింది చదివి మనసు చివుక్కుమంది. కానీ రెండూ ఒకటి కాదండీ. మీ ఆసామి సంతకం పెడితే ఆయన జేబులోంచి రూపాయి పోదు, ఉన్నది భయమే. నేను పెట్టిన సంతకానికి నా జీతంలోంచి పదకొండు నెలలుగా డబ్బు పోతోంది. భయంతో పెట్టనివాణ్నీ, దెబ్బ తిని పెట్టనన్నవాణ్నీ ఒకే గాటన కట్టకండి.

గుమస్తా గారూ, చెల్లు ఒక్కసారి కూడా రాయించలేదు. రేపే వెళ్తాను.

కొబ్బరిచెట్టు:
అబ్బాయ్, నాకు యాభై నాలుగు. నీ వయసులో నేను నేర్చుకున్నది చెబుతాను.

1996 నవంబరు 6న తుఫాను వచ్చినప్పుడు నాకు ఇరవై నాలుగు. అంబాజీపేట దగ్గర రెండెకరాల తోట మాది. రాత్రి గాలి హోరుకు ఎవరం నిద్రపోలేదు. తెల్లారి చూస్తే నూట ముప్పై చెట్లలో నిలబడ్డవి పద్దెనిమిది. మిగతావి తలలు విరిగి, వేళ్లతో లేచి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మా నాన్న గట్టు మీద కూలబడిపోయాడు. మన దేశవాళీ చెట్టు కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. అంతవరకూ ఏం తినాలి? మొక్కలకూ, మధ్యలో అరటికీ, కందకూ అప్పు కావాలి. చుట్టాలందరూ తప్పుకున్నారు, వాళ్ల తోటలూ పడ్డాయి పాపం. వీధి చివర ఉండే ఒక పెద్దాయన హామీ ఉంటానన్నాడు, మా కులం కాదు, మాకు చుట్టమూ కాదు. అయితే ఒక షరతు పెట్టాడు. ప్రతి శనివారం సాయంత్రం నేను ఆయన అరుగు మీదకు వెళ్లి వారం లెక్క చెప్పాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, అరటి గెల ఏ ధరకు పోయింది, అన్నీ.

మొదట్లో నాకు తల కొట్టేసినట్టు ఉండేది. పది వారాలకు అలవాటైంది. ఒకసారి నేను లెక్క తప్పు చెబితే ఆయన ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున్నే తోటకొచ్చి నాతో పాటు మొక్కలకు నీళ్లు మోశాడు. ఆ తర్వాత నేను తప్పు చెప్పలేదు. ఐదేళ్లకు అప్పు తీరింది. ఆయన మీద రూపాయి పడలేదు.

పూచీ ఉండటమంటే పేరు రాసి ఇంటికి పోవడం కాదు, వాడి వెంట ఉండటం. నిన్ను నొప్పించాలని కాదు గానీ అడుగుతున్నాను. ఆ యాభై రోజుల్లో చెరువు గట్టు మీదకు ఎన్నిసార్లు వెళ్లావు?

వశిష్ఠ ఒడ్డు:
ఒక్కసారి బాబాయ్ గారూ. సీడు వదిలిన రోజు.

చెరువు కాపలా:
పెద్దవారు చెప్పింది అరటికీ కందకూ సరిపోతుంది, రొయ్యకు కాదండీ. నేను పదేళ్లుగా చెరువు చేస్తున్నాను. ఈ అబ్బాయి రోజూ వెళ్లి కూర్చున్నా మచ్చ ఆగేది కాదు. అది వైరస్. సీడుతో వస్తుంది, పక్క చెరువు నీటితో వస్తుంది, పీత మోసుకొస్తుంది. పైన పక్షుల వల, గట్టు చుట్టూ పీతల వల, అన్నీ కట్టిన చెరువులు కూడా పోయాయి. తొంభైల మధ్యలో టైగర్ రొయ్యను ఊడ్చేసింది ఈ మచ్చే. మా నాన్నగారు ఆ దెబ్బకే ఎకరం అమ్మారు. 2009లో వనామికి అనుమతి వచ్చాక మళ్లీ అందరం దిగాం. మొన్న 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడ కొనేవాళ్లు ధర కోశారు. మన గట్టు మీద కూర్చుని దాన్ని ఎలా ఆపుతాం?

అందుకే, లీజు చెరువులో మొదటి పంటకు నెల జీతగాడు 4 లక్షలకు పూచీ ఉండటం తప్పే. ఈ విషయంలో నేను ఒడ్డు తమ్ముడి వైపే. ఒక్క మాట మాత్రం. ఫోను ఎత్తనివాడు మోసగాడని అనుకోకు. మొదటి చెరువు పోయినప్పుడు నేను నెల రోజులు మా అన్నయ్యకు కూడా మొహం చూపించలేదు.

అల్లిక:
నాకు లేసు పని, నరసాపురం పక్క పల్లె. మా డ్వాక్రా సంఘంలో పది మందిమి. బ్యాంకు అప్పుకు పది మందిమీ ఒకరికొకరం పూచీనే. పదిహేనేళ్లయింది, ఇద్దరు తడబడ్డారు, మిగతావాళ్లం సర్దాం. మాలో ఎవరికీ ఆస్తి లేదు. కానీ తీర్మానం పుస్తకం అందరి మధ్యా తెరిచి ఉంటుంది, ఎవరు ఎంత తీసుకున్నారో, ఎవరికి కష్టమొచ్చిందో పదిమందికీ తెలుసు. చెరువా, తోటా అన్నది కాదు తమ్ముడూ. చాటుగా పెట్టావా, నలుగురిలో పెట్టావా?

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. సంతకం పెట్టిన రోజు మీ అమ్మకు చెప్పావా?

వశిష్ఠ ఒడ్డు:
నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

అక్కా, చెప్పలేదు. ఈ పదకొండు నెలలూ చెప్పలేదు. జీతం తగ్గించారని అబద్ధం చెప్పాను. మీరు అడిగిన రోజు రాత్రే ఊరు వెళ్లి చెప్పాను. అమ్మ కూడా డ్వాక్రాలో ఉంది, మా ఊరి సంఘానికి రెండేళ్లు లీడరుగా చేసింది. కోప్పడుతుందనుకున్నాను. "ఆ అబ్బాయి అన్నం తింటున్నాడా?" అని అడిగింది మొదట. తర్వాత నోటు తెమ్మంది. నకలు కూడా నా దగ్గర లేదంటే అప్పుడు కోప్పడింది.

మర్నాడు ఇద్దరం వాడి ఇంటికి వెళ్లాం. వాడు ఇంట్లోనే ఉన్నాడు. ఐసు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేస్తున్నాడట, పగలు బయటికి రాడట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, మాట రాలేదు. ట్రంకు పెట్టెలోంచి ఒక నోట్‌బుక్ తెచ్చాడు. నేను కట్టిన ప్రతి నెలా తారీఖుతో సహా రాసుకున్నాడు, వ్యాపారిని అడిగి తెలుసుకున్నాడట. పుస్తకంలో మధ్యన 18,500 పెట్టి ఉంది. ఇరవై వేలయ్యాక ఇద్దామనుకున్నాను, ఒట్టి చేతులతో ఎలా రాను అన్నాడు. నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పదకొండు నెలల్లో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా అని అక్కడే గట్టిగా అన్నాను.

వ్యాపారి దగ్గర చెల్లు రాయించాను, గుమస్తా గారూ. 1,32,000కు, రసీదుతో సహా. 145 నోటీసు మాత్రం ఇప్పుడు పంపను. మీరు వద్దన్నా, కావాలన్నా.

బాబాయ్ గారూ, శనివారం వాడికి షిఫ్టు ఉంది. ఆదివారం పొద్దున పది గంటలకు మా అరుగు మీద అనుకున్నాం. అమ్మ కూడా కూర్చుంటానంది.

పై శీర్షిక మార్చలేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి సంతకం అడిగితే పెడతానా అంటే, ఇంకా పెట్టననే అనిపిస్తోంది. దాళ్వా గారూ, ఊరంతా నాలాగే ఉంటే మీ ఇల్లు ఎవరి భరోసా మీద నిలబడాలన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మీ ఆసామితో ఎవరైనా ప్లీడరు గారు కూర్చుని ఆ చట్టంలో పదకొండు నెలల సంగతి చదివి వినిపిస్తే వింటారా? వింటారనిపిస్తే చెప్పండి, గుమస్తా గారిని నేనే అడుగుతాను.