'రూల్ ఆఫ్ లా'ను తెలుగులో ఏమందాం? 'చట్టబద్ధ పాలన' సరిపోతుందా?

నల్లగొండ నుంచి, అనువాదకురాలు:

అందరికీ నమస్కారం. మహిళా సంఘాల శిక్షణ కోసం ఒక చిన్న పుస్తకం తెలుగు చేస్తున్నాను. 2015లో ఐక్యరాజ్యసమితి దేశాలన్నీ ఒప్పుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల గురించి. ఆకలి, చదువు, నీళ్లు, ఇవన్నీ సాఫీగా వచ్చాయి. నీళ్ల గురించి రాసేటప్పుడైతే ఫ్లోరైడ్ చూసిన జిల్లా కాబట్టి మాటలు వెతుక్కునే పనే పడలేదు. పదహారో లక్ష్యంలో మూడో అంశం దగ్గర మాత్రం నాలుగు రోజులుగా ఆగిపోయాను. దేశం లోపలా దేశాల మధ్యా 'రూల్ ఆఫ్ లా'ను పెంచాలి, న్యాయం అందరికీ సమానంగా అందాలి అని ఆ అంశం.

పత్రికల్లో రాసే 'చట్టబద్ధ పాలన' అనే మాటే మొదట పెట్టాను. దేవరకొండ వైపు ఒక ఊళ్లో సంఘం మీటింగ్‌లో చదివి వినిపించాను. ఒక పెద్దావిడ మధ్యలో ఆపింది. "చట్టబద్ధం అంటే చట్టం ప్రకారం అనే గద బిడ్డా? నా భూమి పాసుబుక్కుల ఎక్కియ్యనోడు గూడ చట్టం ప్రకారమే అంటుండు. మల్ల గా చట్టం ఆయనకు గూడ ఉంటదా, మాకేనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆమె అడిగింది వ్యాకరణం ప్రశ్న కూడా అని ఇంటికొచ్చాక తోచింది. 'చట్టపాలన' అన్నామనుకోండి, విగ్రహవాక్యం ఏమిటి? 'చట్టం యొక్క పాలన' అంటే షష్ఠీ తత్పురుష. ఏలేది చట్టమే. 'చట్టం చేత పాలన' అంటే తృతీయ. ఏలేది ఇంకెవరో, చట్టం వాళ్ల చేతిలో పనిముట్టు. సమాసం చేయగానే విభక్తి పోతుంది, రెంటిలో ఏదో తెలియదు. ఇంగ్లిష్‌లో 'రూల్ ఆఫ్ లా' వేరు, 'రూల్ బై లా' వేరు. మొత్తం గొడవంతా ఆ తేడాలోనే ఉంది, మన సమాసంలో అదే కనబడకుండా పోతోంది.

'చట్టబద్ధ పాలన' కొంత నయం. చట్టం చేత కట్టబడిన పాలన అని విడదీస్తే తాడు ఏలేవాడి కాళ్లకే ఉంటుంది. కానీ వాడుకలో ఆ తాడు వదులైపోయింది. చట్టబద్ధమైన వారసులు, చట్టబద్ధమైన హెచ్చరిక అని విని విని, 'కాయితాలు సరిగా ఉన్నాయి' అనే అర్థమే మిగిలింది. ఆ పెద్దావిడ చెవికి వినబడింది అదే.

2004లో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ భద్రతా మండలికి ఇచ్చిన నివేదికలో ఈ మాటకు నిర్వచనం ఉంది. మనుషులైనా సంస్థలైనా, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, రాజ్యంతో సహా అందరూ చట్టానికి జవాబు చెప్పాలి. ఆ చట్టం అందరికీ తెలిసేలా ప్రకటించినదై ఉండాలి, అందరి మీదా ఒకేలా అమలు కావాలి, తీర్పు చెప్పేవాళ్లు స్వతంత్రులై ఉండాలి, మానవ హక్కులకు విరుద్ధం కాకూడదు. ఇందులో 'రాజ్యంతో సహా' అన్న ముక్క తెలుగులోకి రాకపోతే నా అనువాదం దండగ.

అభివృద్ధి పుస్తకంలో చట్టం సంగతి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. మాడలిన్ ఆల్‌బ్రైట్, హెర్నాండో డి సోటో కలిసి అధ్యక్షత వహించిన పేదల చట్ట సాధికారత కమిషన్ 2008లో ఒక లెక్క చెప్పింది: చట్టం రక్షణకు బయట ఉన్నవాళ్లు ప్రపంచంలో 400 కోట్ల మంది. భూమి ఉంటుంది, పట్టా ఉండదు. కూలి చేస్తారు, రుజువు ఉండదు. బండి మీద వ్యాపారం ఉంటుంది, లైసెన్సు ఉండదు. మన దగ్గర సాదాబైనామా కుటుంబాలు సరిగ్గా వీళ్లే. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాయితం మీద రాసుకుని, పైసలు కట్టి భూమి కొని, ఏళ్లుగా దున్నుకుంటున్నారు. 2016లో దరఖాస్తు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నారు. 2020లో తెలంగాణ తెచ్చిన భూ హక్కుల చట్టంలో వాళ్లకు చోటు లేకపోయింది. 2025 నాటి భూభారతి చట్టంలో మళ్లీ వచ్చింది. ఈలోపు ఆ రైతు చేసిన తప్పేమీ లేదు, ఆయన కింద చట్టమే అటూ ఇటూ కదిలింది.

దీనికి వ్యతిరేకమైన స్థితికి మనకు బ్రహ్మాండమైన మాట ఉంది, కర్రున్నోనిదే బర్రె. మూడేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. దాని అవతలి వైపుకి అంత సూటి మాట కావాలి. సాయం చేయండి.

మహబూబ్‌నగర్ నుంచి, గ్రూప్స్‌కు చదువుతున్న సభ్యుడు:

మేడం, పాలిటీ పుస్తకాల్లో దీన్ని 'సమన్యాయ పాలన' అనే రాస్తారు. 1885లో ఇంగ్లండ్ న్యాయ పండితుడు డైసీ చెప్పిన సూత్రం, చట్టం ముందు అందరూ సమానమనే మన రాజ్యాంగం 14వ అధికరణం, అన్నీ ఆ పేరు కిందే చదువుకున్నాం. పరీక్షలో ఇంకో మాట రాస్తే మార్కులు రావేమోనని టెన్షన్ కూడా. ఉన్న మాటను వదిలి కొత్తది ఎందుకు?

నల్లగొండ నుంచి, అనువాదకురాలు:

తమ్ముడూ, మంచి మాటే, నీ పరీక్షలో అదే రాయి. 'సమ' అన్నది సమానత్వాన్ని గట్టిగా చెబుతుంది. కానీ 'న్యాయం' దగ్గర నాకు అడ్డు పడుతోంది. మన ఊళ్లలో నాయం అంటే పెద్దమనుషులు కూర్చుని చెప్పేది. 'నాయం చెప్పిండ్రు' అంటే తీర్పు అయిపోయిందని. రాసిపెట్టిన, అందరికీ తెలిసిన చట్టం అనే ఊహ అందులో లేదు. పెద్దమనిషి మంచివాడైతే మంచి నాయం, కాకపోతే లేదు. మనిషి మంచితనం మీద ఆధారపడకుండా ఉండటానికే కదా ఈ సూత్రం పుట్టింది.

నల్లగొండ నుంచి, న్యాయవాది:

మేడం, మీ షష్ఠి, తృతీయల సంగతికి ఒక ఉదాహరణ. ఎమర్జెన్సీలో, విచారణ లేకుండా నిర్బంధించనిచ్చే మీసా చట్టం కింద జైల్లో పెట్టినవాళ్లు కోర్టుకు వెళ్లవచ్చా అనే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. 1976 ఏప్రిల్‌లో అయిదుగురు జడ్జీల్లో నలుగురు వెళ్లకూడదన్నారు. చట్టం ఉంది, దాని ప్రకారమే పట్టుకెళ్లారు. మీ తృతీయా తత్పురుష అదే. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు 2017లో, గోప్యత హక్కు కేసులో చెప్పింది. నలభై ఒక్క ఏళ్లు పట్టింది.

నా సలహా 'చట్టానికి లోబడిన పాలన'. విభక్తిని దాచకండి. 'కి' ఉంటే ఎవరు ఎవరి కింద ఉన్నారో తెలుస్తుంది. మాట పొడవైతే అయింది.

మహబూబ్‌నగర్ నుంచి, రిటైర్డ్ టీచరు:

అమ్మా, మా నాన్నగారు ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో చదివినవారు. ఆయన వల్ల అబ్బిన నాలుగు మాటలు చెబుతాను.

ఉర్దూలో దీనికి రెండు మాటలున్నాయి. ఒకటి 'కానూన్ కీ హుక్మరానీ', అంటే చట్టం ఏలుబడి. రెండోది 'కానూన్ కీ బాలాదస్తీ'. బాలా అంటే పైన, దస్త్ అంటే చెయ్యి, రెండూ ఫార్సీ మాటలే. చట్టానిదే పైచేయి అని అచ్చంగా మన తెలుగులోకి వచ్చేస్తుంది చూడండి.

ఇంకో ముచ్చట. మన నోట రోజూ ఆడే 'జబర్దస్తీ' కూడా ఇట్లాంటిదే. జబర్ అన్నా పైన అనే, దస్త్ అన్నా చెయ్యే. మాట పుట్టుక చూస్తే బాలాదస్తీకి, జబర్దస్తీకి తేడా లేదు. ఒకటి చట్టానికి అంటుకుంది, ఒకటి దౌర్జన్యానికి అంటుకుంది. దస్తావేజులో ఉన్నదీ ఆ దస్తే, దస్కత్‌లో ఉన్నదీ ఆ దస్తే. పట్వారీల కాలం చూసినవాళ్ల దగ్గర కూర్చుంటే ఈ చేతుల కథలు తెల్లారేదాకా చెబుతారు. ఎవరి చెయ్యి పైనుంటే దస్తావేజు వాళ్లది. మీరు చెప్పిన పెద్దావిడ అడుగుతున్నది కూడా పైనున్న చెయ్యి ఎవరిదనే.

నల్లగొండ నుంచి, అనువాదకురాలు:

సార్, ఈ పోస్టు మూడుసార్లు చదివాను. జబర్దస్తీలో చెయ్యి ఉందని ఇన్నేళ్లూ నాకు తట్టలేదు. 'చట్టానిదే పైచేయి' అంటే మా సంఘాల్లో ఒక్కరికి కూడా విడమరచి చెప్పక్కర్లేదు. 'పైచేయి' ఇంట్లో, పొలం గట్టు మీద, పంచాయితీలో ఆడే మాట.

కొల్లాపూర్ నుంచి, సభ్యుడు:

అక్కా, మాది శ్రీశైలం ముంపు కుటుంబం. మా ఇంట్లో '98 జీవో' అంటే చిన్నపిల్లలకు కూడా ఎరుకే. 1986లో వచ్చింది, ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అని. నాయిన దరఖాస్తు పట్టుకుని తిరిగీ తిరిగీ వయసు దాటిపోయిండు. ఆ కాయితం ఇప్పటికీ ట్రంకు పెట్టెల ఉన్నది. జీవో చట్టబద్ధమే, తిప్పినోళ్లూ చట్టబద్ధంగనే తిప్పిండ్రు. అందుకే ఆ మాట వింటే నాకు కడుపుల మండుతది.

ఒకటి అడుగుత. మీ అంశంలో దేశాల మధ్య కూడా అని ఉంది కదా. ప్రాజెక్టులకు అప్పులిచ్చే బయటి బ్యాంకులకు చట్టం ఉంటదా? వాళ్లు పెట్టే షరతులు మన సర్కారుకు ఉంటయి. వాళ్లకు ఎవరు పెడతరు?

నల్లగొండ నుంచి, అనువాదకురాలు:

తమ్ముడూ, మీ నాయిన సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నువ్వు అడిగింది అసలైన ప్రశ్న. ప్రపంచ బ్యాంకు నిర్వాసితుల పునరావాసం మీద సొంత నిబంధనలు మొదటిసారి 1980లో రాసుకుంది. వాటిని బ్యాంకే పాటించకపోతే ఎవరికి చెప్పుకోవాలి? ఆ బ్యాంకు అప్పిచ్చిన నర్మదా డ్యామ్ గొడవ తర్వాత 1993లో ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ పెట్టారు. బ్యాంకు డబ్బుతో నడిచే పని వల్ల నష్టపోయిన జనం నేరుగా దానికి ఫిర్యాదు చేయొచ్చు. అది విచారించి నివేదిక ఇస్తుంది, అంతే. నష్టపరిహారం ఇవ్వమని తీర్పు చెప్పే కోర్టు కాదు.

కోర్టు దాకా వెళ్లినవాళ్లు గుజరాత్ ముంద్రా తీరం మత్స్యకారులు, రైతులు. అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రానికి ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ 45 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. దాంతో తమ నీళ్లు, చేపలు పాడయ్యాయని వాళ్లు అమెరికాలో కేసు వేశారు. మా మీద కేసే చెల్లదు, 1945 నాటి అమెరికా చట్టం మాకు పూర్తి మినహాయింపు ఇచ్చింది అని ఆ సంస్థ వాదించింది. 2019 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి సంపూర్ణ మినహాయింపు లేదని 7-1తో తేల్చింది. గెలిచారనుకుంటాం. కానీ కేసు కింది కోర్టుకు తిరిగొచ్చాక, ఫిర్యాదుకు మూలమైన పని అమెరికాలో జరగలేదని 2020లో కొట్టేశారు. అప్పీలులోనూ నిలవలేదు. 2022లో సుప్రీంకోర్టు మళ్లీ వినలేదు. తలుపు తెరుచుకుందని తీర్పు వచ్చింది, ఈ మత్స్యకారులు మాత్రం లోపలికి వెళ్లలేకపోయారు.

ఇది రాస్తుంటే ఇంకో సంగతి తట్టింది. బ్యాంకు మనల్ని 'పాలించడం' లేదు. అందుకని 'పాలన' అనే మాట పెట్టామా, అప్పు ఇచ్చేవాడు దాని బయటికి వెళ్లిపోతాడు. చట్టబద్ధ పాలన, సమన్యాయ పాలన, వకీలు సార్ చెప్పిన 'లోబడిన పాలన', మూడింటికీ ఈ చిక్కు ఉంది. సర్కారును పట్టుకుంటాయి, కంపెనీని, బ్యాంకును, ఊళ్లో దొరను వదిలేస్తాయి. ఐరాస నిర్వచనంలో 'ప్రభుత్వమైనా ప్రైవేటైనా' అని ఉంది. 'పైచేయి'లో పాలన లేదు, కాబట్టి అందరూ దాని కిందికి వస్తారు.

నల్లగొండ నుంచి, న్యాయవాది:

'పాలన' గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ ఒక అభ్యంతరం ఉంచుతాను. 1976లో కూడా మీసాదే పైచేయి. చెడ్డ చట్టానికి పైచేయి ఉంటే మనకేం మిగిలింది? మీ నిర్వచనంలో మానవ హక్కులు, స్వతంత్ర న్యాయస్థానం అన్నవి ఈ మాటలోకి రావు. 'పైచేయి సాధించడం' అంటే ఒకరు గెలవడం, ఒకరు ఓడిపోవడం అనే ధ్వని కూడా ఉంది.

మహబూబ్‌నగర్ నుంచి, రిటైర్డ్ టీచరు:

వకీలు గారి మాట నిజమే. ఒక్క మాట మీద అంత బరువు పెట్టలేం. 'కానూన్' గ్రీకు నుంచి అరబ్బీకి వచ్చింది, గ్రీకులో దాని తొలి అర్థం కొలబద్ద. తమిళంలో 'సట్టం' అంటే చట్టమూ, పటం కట్టే చట్రమూ కూడా. రెండు మాటల్లోనూ వంకర లేకుండా చూసే వస్తువు అనే ఊహ ఉంది. అది పైచేయి పక్కన ఎక్కడో రావాలి.

నల్లగొండ నుంచి, అనువాదకురాలు:

సరే, ఇలా చేస్తున్నాను. శీర్షిక 'చట్టానిదే పైచేయి'. దాని కింద చిన్న అక్షరాల్లో కాదు, అదే సైజులో: "ఏలేవాళ్లు, ఆఫీసులు, కంపెనీలు, అప్పులిచ్చే బ్యాంకులు, మనం, అందరం ఒకే చట్టానికి లోబడి ఉండాలి. ఆ చట్టం అందరికీ తెలిసినదై ఉండాలి, మనిషి హక్కులను కాపాడేదై ఉండాలి. తగాదా వస్తే తీర్పు చెప్పేవాళ్లు ఎవరి చేతి కిందా ఉండకూడదు." వకీలు సార్ 'లోబడి', మాస్టారి చెయ్యి రెండూ వచ్చాయి. అధికారులకు పంపే కాపీలో మాత్రం పక్కన 'చట్టబద్ధ పాలన' అని కూడా ఉంచుతాను, లేకపోతే వాళ్లు ఇది వేరే విషయం అనుకుంటారు.

గురువారం అదే ఊళ్లో మళ్లీ మీటింగ్ ఉంది. ఆ పెద్దావిడకే మొదట చదివి వినిపిస్తాను, ఏమందో వచ్చి ఇక్కడ రాస్తాను.

అదే అంశంలో రెండో సగం ఇంకా మిగిలింది, 'యాక్సెస్ టు జస్టిస్'. 'న్యాయం అందుబాటు' అని పెట్టాను గానీ నాకే నచ్చలేదు. కొల్లాపూర్ తమ్ముడూ, మీ నాయిన దీన్ని ఏమంటారో ఒకసారి అడుగుతావా?