రెండో డిగ్రీగా నర్సింగ్: అమెరికా యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ కోర్సుకు తిరుపతి నుంచే ఏమేం సిద్ధం చేసుకోవాలి?

అలిపిరి రోడ్డు:

అందరికీ నమస్కారం. ఇంటర్ బైపీసీ తరువాత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం అనుబంధ కళాశాలలో మూడేళ్ల బీఎస్సీ, ఆపైన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో అప్లైడ్ మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. ప్రస్తుతం తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో కల్చర్ విభాగంలో పనిచేస్తున్నాను. మా వారికి హెచ్-1బీ వీసా మీద డాలస్‌లో ఉద్యోగం ఖాయమైంది. నేను ఆయన భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్లవలసి ఉంటుంది.

అక్కడికి వెళ్లాక నర్సింగ్ చదవాలని నిశ్చయించుకున్నాను. ఐసీయూ నుంచి వచ్చే రక్తనమూనాలో ఏ క్రిమి పెరిగిందో చెప్పడంతో నా పని ముగిసిపోతుంది. ఆ తరువాత మంచం పక్కన జరిగే పని మీదే చాలాకాలంగా నా మనసు ఉంది. వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవారికి అమెరికాలో యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ అనే కుదించిన నర్సింగ్ డిగ్రీ కోర్సు ఉందనీ, పదిహేను నెలల్లో రిజిస్టర్డ్ నర్సు కావచ్చనీ ఇక్కడి ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. మా అత్తగారి అభిప్రాయం వేరు. ఇక్కడే రెండేళ్లలో నర్సింగ్ డిగ్రీ ముగించుకుని వెళితే ఖర్చు కలిసివస్తుందని ఆమెకు ఎవరో చెప్పారట.

పదిహేను నెలలన్న మాట ఎంతవరకు నిజం? నా ఎమ్మెస్సీ మార్కులు సీటు రావడానికి పనికివస్తాయా? ఇక్కడ రెండేళ్ల మార్గం నిజంగా ఉందా? ఈ దారిలో నడిచినవారు, ఈ వృత్తిలో ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

చిత్తూరు ఆడపడుచు:

అలిపిరి రోడ్డు గారికి, నేనూ హెచ్-4 మీద వచ్చి టెక్సస్‌లో ఈ కోర్సు చదివినదాన్నే కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

పదిహేను నెలలన్నది అబద్ధం కాదు. ఈ కోర్సులు సాధారణంగా 11 నుంచి 18 నెలల్లో ముగుస్తాయి. అయితే ఆ లెక్క తరగతిలో కూర్చున్న రోజు నుంచి మొదలవుతుంది. తరగతిలోకి రావడానికి పట్టే కాలాన్ని ఏ కన్సల్టెన్సీ చెప్పదు. దరఖాస్తుకు ముందే ప్రీరిక్విజిట్లు అనే సబ్జెక్టులు పూర్తిచేసి ఉండాలి. కాలేజీని బట్టి జాబితా కొద్దిగా మారుతుంది గానీ మానవ శరీర నిర్మాణం, శరీరధర్మ శాస్త్రం కలిపి రెండు సెమిస్టర్ల అనాటమీ అండ్ ఫిజియాలజీ, ల్యాబుతో కూడిన మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, జీవితదశల మనస్తత్వ శాస్త్రం దాదాపు అన్నిచోట్లా అడుగుతారు. కొన్నిచోట్ల కెమిస్ట్రీ కూడా ఉంటుంది. అనాటమీ మొదటి భాగం అయితేనే రెండో భాగంలో చేరనిస్తారు కనుక ఎంత తొందరపడినా ఇవన్నీ ముగిసేసరికి దాదాపు ఏడాది గడుస్తుంది. దరఖాస్తు గడువు కోర్సు మొదలయ్యే తేదీకి చాలా నెలల ముందే ముగుస్తుంది. అన్నీ కలుపుకుంటే మీరు దిగిన రోజు నుంచి రెండున్నర, మూడేళ్లు అనుకోవడమే క్షేమం.

మీ ఎమ్మెస్సీ విషయం. డిగ్రీ ఉందని నిరూపించడానికి అది నిస్సందేహంగా పనికివస్తుంది. మన మూడేళ్ల బీఎస్సీని అమెరికా బ్యాచిలర్ డిగ్రీతో సమానమని ఒప్పుకోని విశ్వవిద్యాలయాలు ఉన్నాయి కాబట్టి, పైన ఎమ్మెస్సీ ఉండటం మీకు పెద్ద అండ. ప్రీరిక్విజిట్ల దగ్గర మాత్రం అంత భరోసా పెట్టుకోవద్దు. మైక్రోబయాలజీలో పట్టా ఉన్నవారిని మళ్లీ ఆ సబ్జెక్టే చదవమనడం విడ్డూరంగా ఉంటుంది, నిజమే. కానీ సైన్సు సబ్జెక్టులు గడచిన ఐదేళ్లలోనో ఏడేళ్లలోనో చదివి ఉండాలనే నియమం చాలా కాలేజీల్లో ఉంది. అవి అమెరికా కాలేజీలోనే చదివి ఉండాలని పట్టుబట్టేవీ ఉన్నాయి. బీఎస్సీలో చదివిన జంతుశాస్త్రం మానవ అనాటమీకి బదులుగా చెల్లదు.

వీటిని కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుతో నడిచే స్థానిక ప్రభుత్వ కాలేజీ) చదవండి. హెచ్-4 వీసా మీద చదవడానికి ఐ-20 (విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) అవసరం లేదు, ఒకటి రెండు సబ్జెక్టులైనా తీసుకోవచ్చు; ఎఫ్-1 అనే విద్యార్థి వీసా వారికి ఆ వెసులుబాటు ఉండదు. ఎంపికలో మొత్తం డిగ్రీ మార్కుల కన్నా ఈ సైన్సు సబ్జెక్టుల గ్రేడ్లనే ఎక్కువ నిశితంగా చూస్తారు. ప్రకటనల్లో నాలుగు పాయింట్ల లెక్కలో 3.0 జీపీఏ కనీస అర్హత అని రాసినా పోటీలో నిలిచేవారి గ్రేడ్లు అంతకంటే చాలా పైన ఉంటాయి. ఒక సబ్జెక్టులో గ్రేడు తగ్గితే మళ్లీ చదవడానికి ఒక్కసారికి మించి ఒప్పుకోని కాలేజీలూ ఉన్నాయి కనుక మొదటి సెమిస్టరులో ఎక్కువ సబ్జెక్టులు నెత్తిన వేసుకోవద్దు. దీనికి తోడు టీస్ గానీ హెసీ గానీ ప్రవేశ పరీక్ష రాయాలి. టీస్‌లో 209 నిమిషాల్లో 170 ప్రశ్నలు ఉంటాయి. సైన్సు భాగం మీకు ఇబ్బంది కాదు గానీ ఇంగ్లిష్ వ్యాకరణాన్ని తేలికగా తీసుకోకండి.

ఇక అందరూ ఆలస్యంగా ఆలోచించే విషయం చదువు పూర్తయ్యాక వస్తుంది. క్లినికల్స్ (ఆసుపత్రిలో చేసే శిక్షణ) చదువులో భాగం, జీతం ఉండదు, కాబట్టి వాటికి పని అనుమతి అక్కరలేదు. నర్సుగా ఉద్యోగంలో చేరడానికి మాత్రం కావాలి. 2015 నుంచి హెచ్-4 వారికి పని అనుమతి ఇస్తున్నది, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఆయన సంస్థ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందినప్పుడో, ఆ ప్రక్రియ కారణంగా ఆయన హెచ్-1బీ ఆరేళ్లకు మించి పొడిగింపు పొందినప్పుడో మాత్రమే. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనిదే లైసెన్సు ఇవ్వని రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి, ఆ నంబరు పని అనుమతితో ముడిపడి ఉంటుంది. అందువల్ల కాలేజీల పేర్లు వెతకడానికి ముందు మీ వారి సంస్థ ఐ-140 ఎప్పుడు వేస్తుందో అడిగించండి.

ఖర్చు దృష్ట్యా మరొక మాట. కమ్యూనిటీ కాలేజీలోని రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చదివినవారూ ఇదే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ లైసెన్సు పరీక్ష రాసి ఇదే రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు పొందుతారు. 80,000 డాలర్లు దాటే ప్రైవేటు యాక్సిలరేటెడ్ కోర్సుల పక్కన పెట్టి చూస్తే దాని ఫీజు చాలా స్వల్పం. హెచ్-4 వారికి అమెరికా ప్రభుత్వ విద్యారుణం రాదు కనుక నా ఓటు దానికే.

విశ్రాంత ట్యూటర్, తిరుపతి:

అమ్మా, నర్సింగ్ కళాశాలల్లో చాలాకాలం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ అత్తగారికి చెప్పినవారు పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌ను దృష్టిలో పెట్టుకుని ఉంటారు. అది రెండేళ్ల కోర్సేగానీ, జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసి నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సులకు మాత్రమే. మీలా వేరే డిగ్రీ ఉన్నవారు ఇక్కడ నర్సు కావాలంటే మూడేళ్ల జీఎన్‌ఎం గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ మొదటి నుంచి చదవవలసిందే. మన తిరుపతి స్విమ్స్ కళాశాలలోనైనా అంతే. 1946లోనే నర్సింగ్ డిగ్రీని మొదలుపెట్టిన వెల్లూరు సీఎంసీ చిత్తూరుకు కూతవేటు దూరంలో ఉంది. అక్కడ కూడా ఎమ్మెస్సీ ఉన్నవారికని దగ్గరి దారి ఏమీ లేదు.

దీనికి కారణం పాఠ్యప్రణాళికలోనే ఉంది. అమెరికాలో నాలుగేళ్ల బీఎస్‌ఎన్‌లో మొదటి రెండేళ్లు చాలావరకు ఇంగ్లిష్, చరిత్ర, మనస్తత్వ శాస్త్రం, మూల విజ్ఞాన శాస్త్రాలకే పోతాయి. డిగ్రీ ఉన్నవారు ఆ భాగాన్ని ముందే చదివి ఉంటారు కాబట్టి మిగిలిన నర్సింగ్ భాగాన్ని సెలవులు లేకుండా కుదించి చెప్పగలుగుతున్నారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రణాళికలో నర్సింగ్ ఫౌండేషన్స్ మొదటి సెమిస్టరులోనే మొదలై వార్డు పనితో కలిసి సాగుతుంది. తీసివేయదగిన ముందుభాగం అంటూ ఏదీ లేదు. మీరు మరికొద్ది కాలంలో వెళ్లిపోతున్నారు కనుక ఇక్కడ చేరమని నేను చెప్పను.

చిత్తూరు అమ్మాయి చెప్పినదంతా సబబుగానే ఉంది గానీ, అసోసియేట్ డిగ్రీ విషయంలో నాకు పూర్తి సమ్మతి లేదు. లైసెన్సు ఒక్కటే అన్నది వాస్తవం. అయితే పెద్ద ఆసుపత్రులు అనేకం బీఎస్‌ఎన్ ఉన్నవారికే ప్రాధాన్యం ఇస్తున్నాయి. మైక్రోబయాలజీ నేపథ్యం ఉన్న మీరు రేపు ఇన్‌ఫెక్షన్ నివారణ విభాగం వైపు వెళ్లాలనుకున్నా, బోధనలోకి రావాలనుకున్నా ఆ డిగ్రీయే అడుగుతారు. తరువాత ఆర్‌ఎన్ నుంచి బీఎస్‌ఎన్‌కు వెళ్లే వంతెన కోర్సు ఉందంటారు, ఉంది కూడా. ఉద్యోగం, పిల్లలు, రాత్రి డ్యూటీల నడుమ దానిని ఏళ్ల తరబడి వాయిదా వేసుకున్న నా విద్యార్థినులను చూశాను.

ఒక్క సంగతి దాపరికం లేకుండా అడుగుతాను. మీరు రోగిని స్వయంగా తాకి పనిచేసి ఉన్నారా? ల్యాబులో కఫం నమూనా చూడటం వేరు, ఆ కఫాన్ని దగ్గలేక అవస్థపడుతున్న మనిషిని లేపి కూర్చోబెట్టడం వేరు. వెళ్లేలోగా మీ ఆసుపత్రి యాజమాన్యం అనుమతితో నర్సింగ్ సూపరింటెండెంటును కలిసి, సెలవు రోజుల్లో ఒక జనరల్ వార్డులో ఉదయం షిఫ్టు మొత్తం పక్కన నిలబడి గమనించండి. మంచం మీదే స్నానం చేయించడం, మలమూత్రాల పాత్రలు తీయడం, కోపంగా ఉన్న బంధువులకు జవాబు చెప్పడం కూడా చూడండి. అప్పటికీ మీ మనసు మారకపోతే దరఖాస్తుతో పంపే వ్యాసంలో ఏం రాయాలో ఎవరినీ అడగవలసిన పని ఉండదు. సేవాభావం గురించి పేజీలు నింపే వ్యాసాలు ఎంపిక చేసేవారికి కుప్పలుగా వస్తాయి. పాజిటివ్ వచ్చిన బ్లడ్ కల్చర్ కబురు వార్డుకు చేరాక అక్కడ ఏమేం జరుగుతుందో రెండు వైపుల నుంచీ చూసిన మనిషి రాసేది అరుదు.

శ్రీకాళహస్తి:

కన్సల్టెన్సీల మాట వచ్చింది కాబట్టి, హెచ్-4 కాకుండా ఎఫ్-1 మీద నేరుగా ఈ కోర్సుకు వెళ్లాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. మా బంధువుల అమ్మాయికి సలహా ఇవ్వడానికి చాలా కాలేజీల నిబంధనలు చదివాను. పాఠాలు ఆన్‌లైన్‌లో, ల్యాబులు మాత్రం నేరుగా జరిగే యాక్సిలరేటెడ్ కోర్సులు ఇప్పుడు ఎక్కువయ్యాయి. ఎఫ్-1 విద్యార్థి పూర్తిస్థాయి చదువు లెక్కలోకి ఒక సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ సబ్జెక్టుకు మించి రాదు కనుక అలాంటి కోర్సులకు ఐ-20 ఇవ్వరు. సీటు వచ్చినా వీసా దగ్గర దారి మూసుకుపోతుంది. నర్సింగ్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేనందువల్ల చదువు తరువాత ఓపీటీ, అంటే విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసుకునే గడువు, 12 నెలలే. సాధారణ వార్డు నర్సు ఉద్యోగానికి హెచ్-1బీ దొరకడం కష్టం. గ్రీన్‌కార్డుకు షెడ్యూల్-ఏ (కొరత ఉన్న వృత్తుల జాబితా) కింద లేబర్ సర్టిఫికేషన్ (అమెరికాలో తగినవారు దొరకలేదన్న కార్మిక శాఖ ధ్రువీకరణ) నుంచి మినహాయింపు ఉన్నా, భారతదేశంలో పుట్టినవారు ఈబీ-3 అనే ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డు వరుసలో పదేళ్లకు పైగా వేచి ఉండవలసి వస్తోంది. ఇవేవీ చెప్పకుండా ముందుగా రుసుము కట్టమనేవారికి దూరంగా ఉండటం మంచిది.

అలిపిరి రోడ్డు:

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. మేడమ్, మీరు చెప్పినట్లు మా నర్సింగ్ సూపరింటెండెంటు గారిని కలిసి అనుమతి అడిగాను. అక్కా, ఇంకొక్క సందేహం. ప్రయాణానికి ఇంకా కొంత వ్యవధి ఉంది. ఇక్కడ ఉండగానే ముగించుకోవలసిన పనులు ఏవి? చిన్నప్పటి టీకాల కార్డు మా ఇంట్లో ఎక్కడా దొరకలేదు.

చిత్తూరు ఆడపడుచు:

అన్నిటికన్నా ముందు విశ్వవిద్యాలయాల్లో ట్రాన్‌స్క్రిప్టులకు దరఖాస్తు పెట్టండి. వెస్ వంటి మూల్యాంకన సంస్థకు అవి విశ్వవిద్యాలయం నుంచే చేరాలి, మీ చేతి మీదుగా వెళ్లినవి చెల్లవు. అమెరికాలో కూర్చుని తిరుపతి పరీక్షల విభాగాన్ని ఫోనులో పట్టుకోవడం మీ వల్ల గానీ నా వల్ల గానీ అయ్యే పని కాదు. మూల్యాంకనంలో సబ్జెక్టు వారీ నివేదికనే ఎంచుకోండి, పట్టా ఉందని మాత్రమే చెప్పే రకం నర్సింగ్ ప్రవేశానికి సరిపోదు. మీరు చదివిన సంవత్సరాల సిలబస్ ప్రతులపై కళాశాల ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోండి, మైక్రోబయాలజీకి మినహాయింపు అడిగేటప్పుడు ఆధారంగా చూపవచ్చు. మీ ల్యాబు అధిపతి దగ్గర సిఫారసు లేఖ గురించి ఇప్పుడే మాట్లాడి, ఆయన ఆసుపత్రి ఈమెయిలు చిరునామా తీసుకోండి.

టీకాల కార్డు గురించి దిగులు వద్దు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్-బి లకు రక్తంలో రోగనిరోధకత ఉన్నట్లు టైటర్ పరీక్ష నివేదిక ఇస్తే ఒప్పుకుంటారు. హెపటైటిస్-బి మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది కనుక ఆ ఒక్కటి తిరుపతిలోనే చూపించుకుని, నిరోధకత లేదని తేలితే వెంటనే మొదలుపెట్టండి. క్షయ పరీక్ష దగ్గర మాత్రం జాగ్రత్త. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనవారికి చర్మపు పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. రక్తపరీక్ష చేయమని మీరే అడగండి, ఐజీఆర్‌ఏ అంటే వారికి తెలుస్తుంది.

డాలస్ అన్నారు గానీ ఇల్లు ఏ కౌంటీలో తీసుకుంటున్నారో చెప్పలేదు. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో ఆ పరిధిలో నివసించేవారికి ఒక ఫీజు, బయటివారికి మరొక ఫీజు ఉంటుంది కాబట్టి అద్దె ఒప్పందం మీద సంతకం చేసేలోగా అది తెలుసుకుని ఇక్కడ రాయండి.