ఉత్పత్తి పెరిగింది, జీతం పెరగలేదు. మీ దగ్గర ఎలా ఉంది?

లెక్కతేలనివాడు: కొత్త మెషీన్లు వచ్చాక మా యూనిట్లో ఒక్కొక్కరి ఉత్పత్తి బాగా పెరిగింది. జీతం మాత్రం ఎక్కడిదక్కడే. ఉత్పాదకతను బట్టే జీతం అని చదువుకున్నాం కదా, తేడా ఎక్కడ కొడుతోంది?

గేటుబయట: మీ పని తెలిసినవాళ్లను తీసుకునే ఇంకో యజమాని దగ్గర్లో ఉన్నాడా? మా పాత ఫ్యాక్టరీలో ఎప్పుడడిగినా "మార్కెట్ బాలేదు" అనేవాళ్లు. ఎదురుగా అదే సరుకు చేసే కంపెనీ వచ్చి "ఆపరేటర్లు కావలెను" అని బోర్డు పెట్టగానే మా ఆపరేటర్లందరికీ పెంచారు. లోడింగ్‌వాళ్లకు పైసా పెరగలేదు. అటువైపు ఆ పని కన్వేయర్ చేసేస్తుంది, వాళ్లను పిలిచేవాళ్లు లేరు.

చివరిబెంచీ: పని ఇచ్చే యజమాని ఒక్కడే ఉండి, జీతం అతను చెప్పిందే కావడాన్ని మోనాప్సనీ అంటారు. ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే రాశారు. కొత్తగా వచ్చేవాడికి ఎక్కువిస్తే ఉన్నవాళ్లందరికీ పెంచాలి. అందుకని ఖాళీలు ఉన్నా కంపెనీ నింపదు. జీతమూ తగ్గుతుంది, ఉత్పత్తీ తగ్గుతుంది.

పీస్‌రేటు: మా కుట్టు లైన్ సంగతి వినండి. ఒకమ్మాయి చెయ్యి మహా చురుకు, టార్గెట్ దాటేసేది. సూపర్‌వైజర్ స్టాప్‌వాచ్ పట్టుకుని ఆమె వెనకే నిలబడ్డాడు. పై నెలకల్లా పీసుకి ఇచ్చే రేటు కోసేశారు, అందరికీ. ఇప్పుడు వాచ్ కనిపిస్తే చాలు, దారం తెగినట్టు ఆపి మళ్లీ ఎక్కిస్తాం. పైవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. ఎక్కువ కుట్టినా అదే డబ్బు వస్తే ఎవరు కుడతారండీ?

హెచ్ఆర్‌మనిషి: తిట్టుకోకండి గానీ, అన్నిటికీ కుట్ర కారణం కాదు. సరుకు కొనే పెద్ద బ్రాండు ఒక్కటే అయితే చిన్న కంపెనీకీ మిగిలేది తక్కువే. కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి. ఇంటర్వ్యూలో "ఇప్పుడెంత వస్తోంది?" అని అడిగేది ఆ అంకె మీద కాస్త కలిపి ఆఫర్ ఇవ్వడానికే.

గేటుబయట: కుట్రలూ ఉన్నాయండీ. ఒకరి ఉద్యోగులను ఒకరు పిలవకూడదని ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబ్ లాంటివి ఒప్పందాలు చేసుకున్నాయని 2010లో అమెరికా న్యాయశాఖే కేసు వేసింది. ఉద్యోగులు వేసిన దావాలో ఈ నాలుగూ కలిసి 41.5 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి.

చివరిబెంచీ: దీనికి ఎదురు ఉదాహరణ కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్. కార్మికులు నిలవక విసిగి 1914లో రోజుకు 5 డాలర్లు ప్రకటించాడు. మానేసేవాళ్లు, డుమ్మా కొట్టేవాళ్లు బాగా తగ్గారు. దయ అనుకునేరు! ఆ డబ్బు అందాలంటే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి నడవడిక చూసి సరే అనాలి.

లెక్కతేలనివాడు: మా మెషీనే నడిపే యూనిట్ ఇంకోటి ఉంది. కానీ మాకు మూడు నెలల నోటీస్ పీరియడ్. అంతవరకు వాళ్లు ఆగరు.

హెచ్ఆర్‌మనిషి: ముందు ఆఫర్ లెటర్ తీసుకోండి. మీ ఒప్పందంలో నోటీసుకు బదులు డబ్బు కట్టే వీలుందేమో చూడండి. మనిషి నిజంగా అవసరమైతే కొత్తవాళ్లే కడతారు, మేమూ కట్టాం.