పాత శాసనసభ చర్చల సంపుటాలు స్కాన్ అయ్యాయి, వెతకడం ఎలా?

ప్రశ్న: మా లైబ్రరీలో 1952-56 నాటి హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ చర్చల సంపుటాలు ఉన్నాయి. సంపుటానికో పీడీఎఫ్ చొప్పున స్కాన్ చేయించారు. కౌలుదారీ చట్ట సవరణపై ఎవరేం మాట్లాడారని అడిగితే మాత్రం మళ్లీ పేజీలు తిప్పడమే. ఓసీఆర్‌కు (స్కాన్ బొమ్మలోని అక్షరాలను వెతకగలిగే టెక్స్ట్‌గా మార్చడానికి) కొటేషన్లు పిలుద్దామంటున్నారు. పిలవమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఆ సభలో ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లిష్ అన్నీ నడిచాయి. ఒకే భాష అనుకుని ఓసీఆర్ నడిపితే వచ్చేది చెత్తే.

ముందు పీడీఎఫ్‌లను సభ కూర్చున్న రోజులవారీగా విడగొట్టండి. ఫైలు పేరులో సభ పేరు, తర్వాత సంవత్సరం, నెల, తేదీ ఇదే వరుసలో ఉండాలి. అప్పుడే ఫైళ్లు కాలక్రమంలో ఉంటాయి. తర్వాత ఎక్సెల్‌లో ప్రతి అంశానికీ ఒక వరుస: సంపుటం, తేదీ, అంశం, మాట్లాడినవారు, భాష, పేజీలు. సంపుటంలో విషయసూచిక ఉంటే అది టైప్ చేసినా సగం పని అయిపోతుంది.

సభ్యులకు నంబర్లు ఇవ్వండి, పేర్లను నమ్ముకోవద్దు. బూర్గుల రామకృష్ణారావు గారే ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట ‘బి.’తో, మరోచోట ‘ముఖ్యమంత్రి’ అని మాత్రమే కనబడొచ్చు. రేపు మద్రాసు, ఆంధ్ర రాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ చర్చలు కూడా కలిపితే నీలం సంజీవరెడ్డి గారు మూడు సభల్లో తగులుతారు. నంబరు లేకపోతే ముగ్గురు మనుషులైపోతారు!

ప్రశ్న: పేజీ నంబరు పుస్తకంలోదా, పీడీఎఫ్‌లోదా సార్?

జవాబు: రెండూ, వేర్వేరు కాలమ్‌లలో. పరిశోధకులు ఉదహరించేది అచ్చు పేజీని, కంప్యూటర్ తెరిచేది పీడీఎఫ్ పేజీని. ఇది వదిలేస్తే తర్వాత దిద్దడం నరకం.

మరొకరి జవాబు: పై సలహాకు ఇంకో రెండు మాటలు. స్కాన్ చేసినవాళ్ల దగ్గర అసలు టిఫ్ ఫైళ్లు (నాణ్యత తగ్గించని స్కాన్ బొమ్మలు) ఉంటే అడిగి తీసుకుని, రెండు చోట్ల దాచండి. పుస్తకాలను మాత్రం తీసేయొద్దు. అచ్చుకు ముందటి టైపు ప్రతులుంటే జాగ్రత్త, సభాపతి రికార్డుల నుంచి తొలగించిన మాటలు వాటిలో ఉండిపోవచ్చు. పైవాళ్ల అనుమతి లేకుండా బయట పెట్టొద్దు.

కాలమ్‌లకు నమూనా కావాలంటే పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో లోక్‌సభ చర్చలు చూడండి. పట్టిక సరిగా కుదిరాక డీస్పేస్ లాంటి ఉచిత డిజిటల్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఓసీఆర్ అప్పుడు, భాష కాలమ్ చూసుకుని, ముందు ఇంగ్లిష్ పేజీలకు.

ప్రశ్న అడిగినవారు: థాంక్యూ అండి. సోమవారం మొదటి సంపుటం విషయసూచికతో మొదలుపెడతాను. ఉర్దూ చదివేవాళ్లు మా సెక్షన్‌లో ఎవరూ లేరు, ఆ పేజీలకు మనిషిని అడగాలి.