సియోల్‌లో కనురెప్పల ఆపరేషన్: తిరిగివచ్చాక ఎవరు చూస్తారు?

కూకట్‌పల్లి టీచర్:
నాకు యాభై దగ్గర పడుతున్నాయి. పైరెప్పల చర్మం వదులై కళ్ల మీదికి జారింది. పాఠం చెబుతుంటే పిల్లలు "నిద్ర వస్తోందా టీచర్?" అంటున్నారు. తమ్ముడు సియోల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "ఇక్కడ సందుకో క్లినిక్ ఉందక్కా, వేసవి సెలవుల్లో వచ్చెయ్" అని ఒకటే పోరు. మావారు "ఈ వయసులో సోకులా" అన్నారు. ఆయన సంగతి నేను చూసుకుంటాను. అక్కడ ఎన్నాళ్లు ఉండాలి? ఇక్కడికి వచ్చాక ఏదైనా తేడా చేస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి? చేయించుకున్నవాళ్లు చెప్పండి. అందం మనసులో ఉంటుందనే పెద్దలు ఈసారికి నన్ను వదిలేయండి.

మల్కాజిగిరి అమ్మమ్మ:
మా అమ్మాయి అక్కడ చదువుకునే రోజుల్లో నేను సియోల్‌లోనే చేయించుకున్నాను. కోత గంట, గంటన్నర పని. రెప్ప మడత వెంబడి కోసి, ఎక్కువైన చర్మం తీసి కుట్టేస్తారు. ఓపిక కావలసింది ఆ తర్వాతే. మొదటి రెండు రోజులు ఐసు కాపడం, తల కింద రెండు దిళ్లు, వెల్లకిలా పడక. ఆయింట్‌మెంటు వల్ల ఎదుటి మనిషి ముఖం కూడా అలుక్కుపోయి కనిపిస్తుంది. నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోక సన్నటి తెల్ల గీత కనబడుతుంటే మా అమ్మాయి హడలిపోయి నన్ను లేపేసింది. కొత్తలో అది మామూలేనట, రాత్రిపూట మందు దట్టంగా పెట్టుకోమన్నారు. కమిలిన రంగు బుగ్గల మీదికి దిగింది. ఇంటి యజమానురాలు వాపుకు మంచిదంటూ గుమ్మడికాయ రసం ప్యాకెట్లు తెచ్చి ఇచ్చింది. మనవాళ్లు వంకాయ మానమంటారు, వాళ్లు గుమ్మడికాయ తాగమంటారు. తాగాను, పోయిందేమీ లేదు.

కుట్లు మామూలుగా అయిదు నుంచి ఏడు రోజుల్లో తీస్తారు. అవి తీయించుకుని, మరోసారి చూపించుకుని, డాక్టరు సరేనన్నాకే విమానం ఎక్కండి. రెండు వారాలు చేతిలో ఉంచుకోండి. విమానంలో గాలికి కళ్లు ఎండిపోతాయి, చుక్కల మందు చేతిసంచిలోనే ఉండాలి.

క్లినిక్ విషయంలో మొహమాటం వద్దు. విదేశీ రోగులను తీసుకోవాలంటే అక్కడి ఆసుపత్రి ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి, ఆ పత్రం చూపించమనండి. ఒక డాక్టరు మాట్లాడి మరొకరు కోసిన ఉదంతాలు బయటపడి గొడవయ్యాక, మత్తులో స్పృహ లేని రోగికి ఆపరేషన్ చేసే గదుల్లో 2023 సెప్టెంబరు నుంచి కెమెరాలు తప్పనిసరి చేశారు. కానీ రోగి అడిగితేనే రికార్డు చేస్తారు. ముందే అడగండి. నేను మొదట వెళ్లిన చోట డాక్టరు కంటే ముందు సలహాదారు ఒకామె వచ్చి, ముక్కు కూడా సరిచేయించుకుంటే తగ్గింపు ఇస్తామంది. ఇది మా నాన్నగారి ముక్కు, దీని జోలికి రావద్దని లేచి వచ్చేశాను.

ఇంకో మాట. అక్కడ ఎక్కువమంది పడుచుపిల్లలు లేని మడత పెట్టించుకోవడానికి వస్తారు. మనకు మడత ఉంది, దాని మీద చర్మం వేలాడుతోంది. రెండూ ఒకటి కావు. మీ వయసు, మీ చామనఛాయ ఉన్నవారి ఫొటోలు చూపించమనండి, మన చర్మానికి మచ్చ నల్లబడే గుణం ఎక్కువ.

రిటైర్డ్ నర్సు, మెహిదీపట్నం:
టికెట్టు కొనకముందే ఇక్కడ ఒకసారి కళ్లు చూపించుకో అమ్మా. జారింది చర్మమా, రెప్పనెత్తే కండరమా అన్నది తేలాలి. కండరమైతే చర్మం కోసినంత మాత్రాన రెప్ప లేవదు. పొద్దున బాగుండి సాయంత్రానికి వాలిపోతుంటే అది నరాలూ కండరాల జబ్బు కావచ్చు, దానికి మందులు వేరు. థైరాయిడ్, షుగరు చూపించుకో. కళ్లు పొడిబారే తత్వం ఉందేమో చూడాలి: కింది రెప్పలో సన్నటి కాగితం పట్టీ పెట్టి, అయిదు నిమిషాల్లో ఎంత మేర తడిసిందో కొలుస్తారు. తక్కువ తడిస్తే ఆపరేషన్ తర్వాత మంట, ఎరుపు పెరుగుతాయి. ఆస్పిరిన్‌లాంటి మాత్రలు వాడుతుంటే రాసిన డాక్టరును అడగకుండా ఆపవద్దు.

మొదటి రోజు ఒంటరిగా ఉండకూడదు. కన్ను బయటికి పొడుచుకొచ్చినట్టై, విపరీతమైన నొప్పితో చూపు తగ్గితే లోపల రక్తం చేరుతోందని అర్థం. అరుదే గానీ, అర్ధరాత్రైనా అప్పటికప్పుడు పరుగెత్తాలి. అందుకే బస క్లినిక్‌కు దగ్గరలో ఉండాలి.

అమీర్‌పేట:
బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్‌లో రెప్పల ఆపరేషన్లకు ప్రత్యేక విభాగమే ఉంటే సియోల్ ఎందుకండీ? తేడా వస్తే ఆటో ఎక్కి వెళ్లి అడగవచ్చు. అందం కోసం చేయించుకునేదానికి ప్రయాణ బీమా కూడా పైసా ఇవ్వదు.

మల్కాజిగిరి అమ్మమ్మ:
ఆ మాట నిజం. వచ్చాక ఒక కుట్టు దగ్గర గింజలా గట్టిపడితే, ఇక్కడ ఇద్దరు డాక్టర్లు "చేసినవాళ్లకే చూపించుకోండి" అన్నారు. మూడో ఆయన ఆపరేషన్ కాగితాలు చూశాక చేయి వేశారు. అక్కడే చేయించుకుంటే ఏం తీశారు, ఏ దారం వాడారు అన్నది ఇంగ్లిషులో రాయించుకుని తెచ్చుకోండి.

కూకట్‌పల్లి టీచర్:
థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను, ముందు ఇక్కడే చూపించుకుంటాను. తమ్ముడికి కబురు తర్వాత. శ్రావణంలో మేనకోడలి పెళ్లి ఉంది. మేలో చేయించుకుంటే అప్పటికి ముఖం మామూలవుతుందా?

మల్కాజిగిరి అమ్మమ్మ:
కమిలిన రంగు రెండు వారాల్లో చాలావరకు పోతుంది. సన్నటి వాపు, గీత ఎరుపు నెమ్మదిగా కొన్ని నెలల్లో తగ్గుతాయి. శ్రావణానికి ఫొటోలు దిగవచ్చు. మే ఎండలో మాత్రం నల్లకళ్లద్దాలు లేకుండా గడప దాటవద్దు, మచ్చ రంగు తిరుగుతుంది. కాటుక డాక్టరు పెట్టుకోమనేదాకా ముట్టుకోకండి. పెట్టుకునే రోజుకు కొత్త డబ్బా కొనుక్కోండి, పాతది పారేయండి.