స్టైరీన్, మిథైల్ మెథాక్రిలేట్ రియాక్టివిటీ నిష్పత్తులు: ఒకే దత్తాంశం, రెండు జవాబులు

పరిశోధక విద్యార్థిని:
నమస్కారం. ఏఐబీఎన్ ఇనీషియేటర్‌తో (పాలిమరీకరణను మొదలుపెట్టే పదార్థంతో), 60 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఐదు వేర్వేరు ఫీడ్‌ల (మొదట కలిపే మోనోమర్ మిశ్రమాల) నుంచి ఈ రెండు మోనోమర్ల కోపాలిమర్లను తయారుచేసి ఫైన్‌మన్–రాస్ గీత గీశాను. రియాక్టివిటీ నిష్పత్తులకు (గొలుసు కొసనున్న మోనోమర్ రెండోదానితో పోలిస్తే తన రకంతోనే ఎంత వేగంగా కలుస్తుందో చెప్పే సంఖ్యలకు) సాధారణంగా ఉదహరించే విలువలు స్టైరీన్‌కు సుమారు 0.52, మెథాక్రిలేట్‌కు 0.46 కాగా, నాకు స్టైరీన్‌కు 0.61 వచ్చింది. మోనోమర్ల సూచికలను (ఏది 1, ఏది 2 అన్నదాన్ని) తారుమారు చేసి అదే దత్తాంశంతో మళ్లీ గీస్తే 0.55 వచ్చింది. నేను దేనిని నమ్మాలి?

కైనెటిక్స్:
రెండింటినీ నమ్మవద్దండి. ఫీడ్ కూర్పు నుంచి పాలిమర్ కూర్పును చెప్పే 1944 నాటి మేయో–లూయిస్ సమీకరణం సరళరేఖ కాదు. 1950లో వచ్చిన ఫైన్‌మన్–రాస్ పద్ధతి దానిని సరళరేఖగా మలచినప్పుడు కొలతల్లోని దోషాలు కూడా వంకరపోతాయి. స్టైరీన్ అత్యధికంగా ఉన్న ఒక్క బిందువే వాలును శాసిస్తుంది, సూచికలు మార్చగానే ఆ పెత్తనం రెండో కొసకు పోతుంది. 1975 నాటి కెలెన్–ట్యూడోష్ పద్ధతి బిందువులను సమంగా పరిచి ఈ పక్షపాతాన్ని తగ్గించింది గానీ తొలగించలేదు. నాన్‌లీనియర్ లీస్ట్ స్క్వేర్స్ (సరళరేఖగా మార్చకుండా సమీకరణాన్నే నేరుగా దత్తాంశానికి అమర్చే పద్ధతి) వాడి, రెండు నిష్పత్తులకూ ఉమ్మడి విశ్వసనీయతా ప్రాంతాన్ని తప్పక గీయండి.

ల్యాబ్ అనుభవం:
ఫీడ్‌ల ఎంపిక అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం. టిడ్‌వెల్, మార్టిమర్ 1965లో చూపిన సూత్రం ప్రకారం, మీ విలువలకు మెథాక్రిలేట్ మోల్ భాగం సుమారు 0.79, 0.19 ఉన్న రెండు ఫీడ్‌లను ఎంచుకుని, ఒక్కొక్కదానిని నాలుగేసి సార్లు చేయడం మేలు.

ఎన్‌ఎంఆర్ గది:
కూర్పును ఎలా కొలిచారు? ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌తో (హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాలను నమోదు చేసే పద్ధతితో) అయితే ఒక మాట. పక్కనున్న స్టైరీన్ ఫినైల్ వలయాల ప్రభావం వల్ల మెథాక్రిలేట్‌లోని మెథాక్సీ సంకేతం చీలిపోయి 2.2 నుంచి 3.7 పీపీఎం వరకు పరచుకుంటుంది కనుక, 3.6 దగ్గరి శిఖరాన్ని మాత్రమే ఇంటిగ్రేట్ చేస్తే మెథాక్రిలేట్ తక్కువగా కనిపిస్తుంది. ఆరోమాటిక్ (ఫినైల్ వలయాల) సంకేతం వైశాల్యాన్ని ఐదు ప్రోటాన్లకు, మిగతా మొత్తాన్ని స్టైరీన్‌కు మూడు, మెథాక్రిలేట్‌కు ఎనిమిది ప్రోటాన్లకు సరిపెట్టండి. మిథనాల్‌లో రెండుసార్లు అవక్షేపింపజేసి, వాక్యూమ్‌లో ఆరబెట్టకపోతే మిగిలిన మోనోమర్ కూడా లెక్కలోకి వస్తుంది.

కైనెటిక్స్:
కన్వర్షన్ (పాలిమర్‌గా మారిన మోనోమర్ శాతం) ఎంత? ఫీడ్‌లో స్టైరీన్ 0.53 దగ్గర ఉంటే చర్య సాగేకొద్దీ కూర్పు మారదు. కొసల్లో మాత్రం 5 శాతం దాటితేనే జాగ్రత్త అవసరం.

పరిశోధక విద్యార్థిని:
నోట్‌బుక్ చూశాను. స్టైరీన్ 0.9 ఉన్న ఫ్లాస్కులో కన్వర్షన్ 31 శాతం. మెథాక్రిలేట్ ముందుగా ఖర్చయిపోయి పాలిమర్‌లో స్టైరీన్ పెరిగింది, 0.61 అక్కడి నుంచే వచ్చినట్టుంది. ఆ ఫ్లాస్కును సోమవారం మళ్లీ పెడుతున్నాను, ఈసారి 5 శాతం లోపే ఆపుతాను.