కమాండోలను మోసే హెలికాప్టర్లకు విడి దళం ఉండాలా, అక్కర్లేదా?

రెక్కల రాముడు:
మొన్న మా బావతో కాఫీ దగ్గర మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. కమాండోలను శత్రువు పెరట్లో దింపే విమానాలు, హెలికాప్టర్లు ఆ ఒక్క పనికే విడిగా ఉండాలంటాడు బావ. అమెరికా సైన్యానికి అచ్చంగా ఆ పనికే 160వ హెలికాప్టర్ రెజిమెంట్ ఉంది కదా, మనకెందుకు లేదని. అది డబ్బున్నవాడి షోకు అంటాను నేను.

ఢిల్లీ పక్కన హిండన్‌లో ఉండే మన ఎయిర్‌ఫోర్స్ 77వ స్క్వాడ్రన్ సంగతే చూడండి. 2011లో సీ-130జె హెర్క్యులెస్ రవాణా విమానాలు తెచ్చుకున్నదే ప్రత్యేక ఆపరేషన్ల కోసం. అలాగని షెడ్డులో దాచుకోలేదు. 2013 ఉత్తరాఖండ్ వరదలప్పుడు ధరాసు అనే చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో దిగి, అక్కడ తిరిగే హెలికాప్టర్ల కోసం తన ఇంధనాన్నే తోడి ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టు 20న లద్దాఖ్‌లో 16,614 అడుగుల ఎత్తున దౌలత్ బేగ్ ఓల్డీ స్ట్రిప్ మీద దిగింది. 2023 ఏప్రిల్‌లో సూడాన్ యుద్ధం మధ్య, ఖార్టూమ్‌కు 40 కిలోమీటర్ల అవతల వాడీ సయ్యద్‌నా నుంచి 121 మందిని తెచ్చింది. పాడైపోయిన రన్‌వే, లైట్లు లేవు, ఇంధనం దొరకదు. రాత్రి పూట నైట్ విజన్ గాగుల్స్‌తో దిగి, ఇంజన్లు ఆపకుండానే జనాన్ని ఎక్కించుకుని లేచిపోయారు. రోజూ ఏదో ఒక పని మీద తిరగబట్టే కదా ఆ చేయి తిరిగింది? విడిగా కూర్చోబెడితే ఏం ఒరుగుతుంది?

చుక్కాని:
రాముడు గారూ, ధరాసు కథ భలే గుర్తు చేశారు. హెర్క్యులెస్ నేల మీద దిగి హెలికాప్టర్లకు ఇంధనం ఇవ్వడం. సరిగ్గా అదే పని 1980 ఏప్రిల్ 24 రాత్రి ఇరాన్ ఎడారిలో చేయబోయి అమెరికా 8 మందిని పోగొట్టుకుంది.

తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో: టెహ్రాన్ ఎంబసీలో బందీలైన తమ వాళ్ళను విడిపించాలని ‘ఈగల్ క్లా’ అనే పథకం వేశారు. నిమిట్జ్ నౌక మీంచి 8 ఆర్‌హెచ్-53డి హెలికాప్టర్లు దాదాపు 600 మైళ్ళు ఎగిరి ‘డెజర్ట్ వన్’ అనే చోటికి రావాలి. అక్కడ హెర్క్యులెస్‌లు ఇంధనంతో కాచుకుని ఉంటాయి. ముందుకు సాగాలంటే కనీసం 6 హెలికాప్టర్లు కావాలి. చివరికి పనికొచ్చేవి 5 మిగిలాయి.

ఇక అసలు విషయం. హెలికాప్టర్లు నేవీవి, అదీ సముద్రంలో మైన్లు ఏరడానికి కొన్నవి. నడిపినవాళ్ళలో ఎక్కువమంది మెరైన్లు. హెర్క్యులెస్‌లు ఎయిర్‌ఫోర్స్‌వి. కమాండోలు ఆర్మీ డెల్టా వాళ్ళు. పెళ్ళికి నాలుగు ఊళ్ళ నుంచి నలుగురు వంటవాళ్ళను పిలిచినట్టు. దారిలో దుమ్ము మేఘం అడ్డొచ్చింది. అలాంటిది రావచ్చని వాతావరణం వాళ్ళు ముందే రాసిచ్చారు, కానీ రహస్యం పేరుతో ఆ కాగితం పైలట్ల దాకా రాలేదు. 5వ నంబరు హెలికాప్టర్ పరికరాలు మొరాయించడంతో వెనక్కి తిరిగింది. డెజర్ట్ వన్ దగ్గర ఆకాశం తేటగా ఉందని తెలిస్తే ముందుకే వచ్చేవాణ్ణని పైలట్ తర్వాత చెప్పాడు. ఆ మాట చెప్పగలిగినవాళ్ళు అప్పటికే అక్కడ దిగి ఉన్నారు. రేడియో మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ మరుసటి ఏడాది, 1981 అక్టోబర్‌లో, కెంటకీలోని ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో 160వ దళం లాంఛనంగా ఏర్పడింది. దీన్ని షోకు అంటే నేను ఒప్పుకోను.

సందేహాల సుబ్బు:
చుక్కాని అన్నా, మరి ఆ 160వ దళం ఏం వెలగబెట్టింది? 2011 మే 2న అబొట్టాబాద్‌లో బిన్ లాడెన్ ఇంటి ఆవరణలో కూలిన బ్లాక్ హాక్ వాళ్ళదే కదా. రిహార్సల్‌లో ప్రహరీ బదులు జాలీ కంచె కట్టుకున్నారు. అసలు చోట గోడ గట్టిది. రోటర్ కిందికి తోసిన గాలి పోయే దారిలేక తిరిగి పైకొచ్చి హెలికాప్టర్‌ను ముంచింది. ప్రపంచంలోనే మేటి పైలట్లు, నెలల ప్రాక్టీసు. అయినా కూలింది.

చుక్కాని:
కూలింది, కానీ ఆపరేషన్ ఆగలేదు సుబ్బూ. అదనంగా చినూక్ అనే పెద్ద హెలికాప్టర్లు దగ్గర్లోనే పెట్టుకున్నారు, కూలినదాన్ని పేల్చేసి వచ్చేశారు. 1980లో మూడు చెడిపోయేసరికి చేతులెత్తేశారు, తిరుగు ప్రయాణం సర్దుకునేటప్పుడే ప్రమాదం. ఆ ఘట్టం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఇంధనం కోసం ఒక హెలికాప్టర్ పక్కకు జరగాలి. రోటర్ లేపిన దుమ్ములో పైలట్‌కు కనిపిస్తున్నది నేల మీద టార్చ్‌తో సైగ చేసే మనిషి ఒక్కడే. ఆ మనిషి దుమ్ముకు తట్టుకోలేక వెనక్కి జరిగాడు. తన హెలికాప్టరే వెనక్కి పోతోందనుకుని పైలట్ ముందుకు నెట్టాడు. రోటర్ పోయి పక్కనున్న హెర్క్యులెస్‌ను కోసింది. నిండా ఇంధనం.

పాత ఫిట్టర్:
ఈ వేదికలో ఎప్పుడూ చదవడమే, రాయడం తక్కువ. హెలికాప్టర్ల మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్ళు చేశాను కాబట్టి ఒక ముక్క.

1980లో ఇరాన్ దారిలో పోయిన మూడు హెలికాప్టర్లలో మొదటిది 6వ నంబరు. దాన్ని ఎడారిలోనే వదిలేశారు, కారణం బ్లేడ్ హెచ్చరిక. రోటర్ బ్లేడ్ లోపల గుల్లగా ఉంటుంది, అందులో ఒత్తిడితో గ్యాస్ నింపుతారు. వెంట్రుకంత పగులు వచ్చినా ఒత్తిడి పడిపోయి తెలుస్తుంది. మన ఎంఐ-8, ఎంఐ-17లలో బ్లేడ్ మొదట్లో చిన్న గాజు మూత ఉంటుంది, ఒత్తిడి తగ్గితే అందులో ఎర్ర పట్టీ బయటపడుతుంది. పొద్దున్నే తల ఎత్తి ఒక్కో బ్లేడూ చూసుకుంటూ చుట్టూ తిరగడం మా మొదటి పని. ఎరుపు కనబడితే ఇక మాటల్లేవు, ఆ హెలికాప్టర్ ఎగరదు. ఆర్‌హెచ్-53డి, సీహెచ్-53 లాంటి హెచ్-53 రకాల్లో అయితే కాక్‌పిట్‌లోనే దీపం వెలుగుతుంది.

మెరైన్లకు తమ సీహెచ్-53లలో దీపం వెలిగితే వెంటనే దిగడమే నేర్పారు. ఆర్‌హెచ్-53డిలో మాత్రం అంతకు ముందు వెలిగిన దీపాలేవీ నిజమైన పగులు కాలేదని, ఆ తేడా సిబ్బందికి తెలుసో లేదో అనుమానమేనని తర్వాత విచారణ చేసిన అడ్మిరల్ హాలోవే బృందం రాసింది. ఒకే మెషీన్ మీద ఏళ్ళ తరబడి తిరిగితే తప్ప అలాంటివి తెలియవు. విడి దళం కావాలంటే నేను చెప్పగల కారణం ఇదొక్కటే.

సైనిక్‌పురి వాసి:
మన దగ్గరికి రండి కాస్త. 2008 నవంబర్ 26 రాత్రి ముంబైకి ఎన్‌ఎస్‌జీ కమాండోలు బయల్దేరాలంటే ఐఎల్-76 రవాణా విమానం చండీగఢ్ నుంచి ఢిల్లీకి రావాల్సి వచ్చింది. వాళ్ళు ముంబైలో అడుగుపెట్టేసరికి తెల్లారింది. తర్వాత ఏం చేశారు? విమానాల సంగతి అలా ఉంచి కమాండోలనే పంచారు. ముంబై, చెన్నై, కోల్‌కతా, మన హైదరాబాద్‌లో కేంద్రాలు పెట్టారు. మంచిదే. కానీ హైదరాబాద్ వాళ్ళు రేపు ఇంకో ఊరు వెళ్ళాలంటే మళ్ళీ ఎవరి విమానం, ఎవరి పైలట్?

రెక్కల రాముడు:
అందరికీ థ్యాంక్స్. హెర్క్యులెస్‌ల విషయంలో నా మాట మార్చను, వాటికి వరద పనీ శిక్షణే. అయితే ఆ శిక్షణ ఖరీదూ తెలుసు. 2014 మార్చి 28న గ్వాలియర్ దగ్గర ముందు విమానం రేపిన గాలి సుడిలో చిక్కుకుని 77వ స్క్వాడ్రన్ విమానం కూలి ఐదుగురు పోయారు. హెలికాప్టర్ల దగ్గర మాత్రం బావదే పైచేయి, ఆదివారం వెళ్ళి ఒప్పుకోవాలి, టెన్షన్‌గా ఉంది.

ఫిట్టర్ గారూ, ఒక్క ప్రశ్న. ఆ 6వ నంబరులో మీరుండి, దీపం వెలిగితే దిగేవారా, పోనిచ్చేవారా?

పాత ఫిట్టర్:
దిగమనే చెప్పేవాణ్ణి బాబూ. అది అంతకు ముందు రోజు వేరేవాళ్ళ దగ్గర తెచ్చుకున్న హెలికాప్టర్ అయితే మరీనూ.